గోల్ఫ్ స్వింగ్: నేర్చుకోవడం, దిద్దుకోవడం

నేల మీద కదలకుండా ఉన్న బంతిని కొట్టడానికి ఆటగాడు క్లబ్‌ను వెనక్కి ఎత్తి, కిందికి దించి, బంతిని దాటి ముందుకు సాగనిచ్చే మొత్తం కదలికను గోల్ఫ్ స్వింగ్ అంటారు. క్లబ్ కదిలిన క్షణం నుంచి బంతిని తాకేదాకా పట్టేది సుమారు ఒక సెకను. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. క్లబ్ ముఖం ఆ బంతిని అంటిపెట్టుకుని ఉండేది దాదాపు అర మిల్లీసెకను మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో క్లబ్ తల కదిలే దూరం రెండు సెంటీమీటర్లకు అటూఇటూ. బంతి ఎటు బయల్దేరుతుంది, ఎంత ఎత్తు లేస్తుంది, గాలిలో ఎటు వంగుతుంది అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. తాకే క్షణంలో చెయ్యి సవరించుకునే వీలు మనిషి నరాలకు లేదు. అందుకే గోల్ఫ్ శిక్షణంతా దానికి ముందున్న ఆ ఒక్క సెకను చుట్టూ తిరుగుతుంది.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు ఆడే ఔత్సాహికులకు సలహాల కొరత ఎన్నడూ లేదు. పక్కన ఆడేవాడు చెబుతాడు, క్లబ్బులు మోసే క్యాడీ చెబుతాడు, పత్రికలు నెలనెలా చెబుతాయి. వాటిలో చాలా వరకు ఎవరో ఒకరికి పనికొచ్చినవే. తన బంతి ఎందుకలా పోతోందో తెలియకుండా ఆ సలహాలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం వల్లనే చాలామంది ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉండిపోతారు. ఈ వ్యాసంలో ఎడమ, కుడి అన్న మాటలన్నీ కుడిచేతివాటం ఆటగాడిని దృష్టిలో పెట్టుకుని వాడినవి.

పాఠాల చరిత్ర

స్వింగ్ ఎలా చేయాలో రాసిపెట్టినవాళ్లలో మనకు తెలిసిన మొదటి మనిషి వృత్తి బోధకుడు కాదు. థామస్ కింకేడ్ అనే ఎడిన్‌బరో వైద్యవిద్యార్థి 1687లో తన దినచర్య పుస్తకంలో గోల్ఫ్ గురించి రాసుకున్నాడు. కత్తిసాము చేసేటప్పుడు నిలబడినట్టే మోకాళ్లు కాస్త వంచి నిలబడాలనీ, ఒళ్లు కుడికీ ఎడమకీ తిరగడంలోనే దెబ్బకు బలం వస్తుందనీ అతను తేల్చుకున్నాడు. పగలు ఆడి, ఆ తరవాత కూర్చుని తన తప్పొప్పులు రాసుకున్న ఔత్సాహికుడు ఆయన. మూడు శతాబ్దాలు దాటినా ఈ జాతి మారలేదు.

అచ్చులో వచ్చిన తొలి గోల్ఫ్ పాఠ్యగ్రంథం 1857 నాటి ‘ది గోల్ఫర్స్ మాన్యువల్’. అప్పట్లో స్కాట్లండ్‌లో బంతులు చేసేవాడు, క్లబ్బులు చేసేవాడు, మైదానం చూసుకునేవాడు, ఆట నేర్పేవాడు తరచూ ఒకడే. సెయింట్ ఆండ్రూస్‌లో అలన్ రాబర్ట్‌సన్, ఓల్డ్ టామ్ మోరిస్ అలాంటివాళ్లు. పాఠం అంటూ విడిగా ఉండేది కాదు. క్యాడీ కుర్రాళ్లు పెద్దవాళ్ల ఊపు చూసి ఒంటబట్టించుకునేవారు. బ్రిటన్‌లో 1901లో, అమెరికాలో 1916లో వృత్తి ఆటగాళ్ల సంఘాలు ఏర్పడ్డాక బోధన ఒక ప్రత్యేక వృత్తిగా కుదురుకుంది.

జెర్సీ దీవిలో పుట్టిన హ్యారీ వార్డన్ 1896 నుంచి 1914 వరకు ఆరుసార్లు ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. కుడిచేతి చిటికెనవేలిని ఎడమచేతి వేళ్ల మీద ఆనించే పట్టును కనిపెట్టింది ఆయన కాకపోయినా ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. ఇప్పటికీ దాన్ని వార్డన్ గ్రిప్ అనే పిలుస్తారు.

వార్డన్ కాలంలో క్లబ్ కాడ హికరీ కర్రతో చేసేవారు. ఆ కర్ర వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. మెలి తిరిగిన ముఖం బంతి దగ్గరికి వచ్చేసరికి నేరుగా ఉండాలంటే మణికట్లతో చాలా పని చేయించాలి. 1920లలో ఉక్కు కాడలకు అనుమతి వచ్చాక ఆ అవసరం తగ్గిపోయింది. కాళ్లు, తుంటి ముందుండి నడిపే స్వింగ్ పుట్టింది. 1945లో వరసగా 11 టోర్నమెంట్లు గెలిచిన బైరన్ నెల్సన్‌ను ఆధునిక స్వింగ్‌కు ఆద్యుడని చాలామంది అంటారు. పాత పుస్తకాల్లోని సలహా ఇప్పటి క్లబ్‌తో ఎందుకు కుదరదో చెప్పేటప్పుడు బోధకులు ఈ కర్ర, ఉక్కు తేడానే గుర్తుచేస్తారు.

1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద పోటీలూ గెలిచి 28 ఏళ్లకే పోటీ ఆట మానేసిన బాబీ జోన్స్, మరుసటి ఏడాది వార్నర్ బ్రదర్స్ కోసం గోల్ఫ్ పాఠాల లఘుచిత్రాలు చేశాడు. సినిమా నటులు విద్యార్థులుగా కనిపించే ఆ చిత్రాలు థియేటర్లలో ఆడాయి. తెర మీద కదిలే స్వింగ్‌ను సామాన్యుడు నెమ్మదిగా చూడగలిగాడు.

బోధకుల్లో ఎర్నెస్ట్ జోన్స్ కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఆంగ్లేయుడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఒంటికాలి మీద నిలబడి ఆడి చూస్తే స్కోరు అంతగా చెడలేదు. ఒంట్లోని ఒక్కో భాగం ఎటు కదలాలో లెక్కపెట్టుకోవడం వృథా అన్న నిర్ణయానికి వచ్చాడు. క్లబ్ తలను ఊపడం ఒక్కటే తెలిస్తే కాళ్లూ భుజాలూ వాటంతటవే సర్దుకుంటాయని బోధించాడు. అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో నాలుగు గోడల మధ్య పాఠాలు చెప్పేటప్పుడు చేతిరుమాలు కొసకు జేబుకత్తి కట్టి ఊపి చూపించేవాడు. సాఫీగా ఊపితే రుమాలు బిగుతుగా ఉంటుంది, చేత్తో తోస్తే జావకారిపోతుంది. ఇంతకన్నా చవకైన బోధనోపకరణం గోల్ఫ్‌లో ఇంకొకటి రాలేదు.

దీనికి సరిగ్గా ఎదుటి కొసన బెన్ హోగన్ ఉన్నాడు. 1949లో బస్సు ఢీకొన్న ప్రమాదంలో నడుం, కాళ్లు నుజ్జయి, మరుసటి ఏడాదే యు.ఎస్. ఓపెన్ గెలిచిన మనిషి. ఆయన ‘ఫైవ్ లెసన్స్’ 1957లో ముందు ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రికలో వచ్చి, ఆ తరవాత పుస్తకమైంది. పట్టు, నిలబడే తీరు, స్వింగ్‌లోని రెండు భాగాలు అంటూ ప్రతి కీలునూ విడదీసి చూపిన ఆ పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతోంది. అయితే హోగన్ పడ్డ ఇబ్బంది బంతి ఎడమవైపు వంగిపోయే హుక్. దాన్ని అదుపు చేసుకోవడానికి ఎడమచేతిని కాడ మీద ఎడమవైపుకు జరిపి పట్టుకునేవాడు. ఆయన పుస్తకం కొనుక్కున్నవాళ్లలో ఎక్కువమంది బాధ స్లైస్, అంటే బంతి కుడివైపు వంగిపోవడం. వాళ్లు ఆ పట్టును ఉన్నదున్నట్టు అనుకరిస్తే జబ్బు ముదురుతుంది. మంచి పుస్తకమే, రోగం తెలియకుండా మింగితే వికటించే మందు లాంటిది.

టెక్సస్‌లోని ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో పనిచేసిన హార్వీ పెనిక్ దశాబ్దాలపాటు తన పరిశీలనలను ఒక ఎర్ర అట్ట నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అది 1992లో ‘లిటిల్ రెడ్ బుక్’గా అచ్చయి, ఆటల పుస్తకాల్లో అత్యధికంగా అమ్ముడైనవాటిలో ఒకటిగా నిలిచింది. వృత్తి ఆటగాళ్లు బెన్ క్రెన్‌షా, టామ్ కైట్ ఇద్దరూ ఆయన శిష్యులే, కానీ ఇద్దరికీ చెప్పే పాఠం వేరు. చిన్న దిద్దుబాటు చెబితే శిష్యుడు దాన్ని పదింతలు చేసుకుంటాడన్న భయం ఆయనకు ఎప్పుడూ ఉండేది. మాట ఆచితూచి వాడడం ఆయన బోధనలో పెద్ద భాగం. 1995 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసిన వారంలోనే క్రెన్‌షా మాస్టర్స్ గెలిచాడు.

స్వింగ్‌ను పూర్తిగా కూలదోసి తిరిగి కట్టుకోవచ్చన్న నమ్మకం 1980లలో బలపడింది. బ్రిటన్ ఆటగాడు నిక్ ఫాల్డో బోధకుడు డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర రెండేళ్లకు పైగా శ్రమించి 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ గెలిచాడు. ఆ కథ విని ఎందరో ఔత్సాహికులు తమ స్వింగ్‌ను కూలగొట్టుకున్నారు. ఫాల్డోకు రోజంతా సాధన చేసే తీరిక ఉందన్న సంగతి వాళ్లు మరిచిపోయారు.

బంతి ఇచ్చే సాక్ష్యం

దశాబ్దాలపాటు బోధకులు చెప్పిన సూత్రం ఒకటుంది: క్లబ్ తిరిగే దారి బంతి బయల్దేరే దిక్కును నిర్ణయిస్తుంది, క్లబ్ ముఖం బంతి చివరికి చేరే చోటును నిర్ణయిస్తుంది. ఇది తప్పు. 1968లో బ్రిటన్‌లో వెలువడిన ‘సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్’లో అలస్టెర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అసలు సంగతి చెప్పారు. అయినా అది సామాన్య బోధకుల దాకా చేరడానికి డాప్లర్ రాడార్ యంత్రాలు రావలసివచ్చింది. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ సంస్థ ఆ యంత్రాల్లో పేరుపడింది. బంతి బయల్దేరే దిక్కులో ప్రధాన భాగం ముఖానిదే, దూరం కొట్టే డ్రైవర్‌తో సుమారు 85 శాతం, మధ్య దూరాలకు వాడే ఐరన్లతో సుమారు 75 శాతం. ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడా బంతిని వంచుతుంది.

పాత సూత్రం నమ్మితే ఏమవుతుందో చూడాలంటే అడ్డంగా ఒక చెట్టును ఊహించుకుంటే చాలు. చెట్టు కుడిపక్కనుంచి బంతిని పంపి ఎడమకు వంచి, జెండా ఉన్న గ్రీన్ మీద పడేయాలి. పాత సూత్రం ప్రకారం ముఖాన్ని నేరుగా జెండా మీద పెట్టి, ఊపును చెట్టు కుడిపక్కకు పంపాలి. అలా కొట్టిన బంతి తిన్నగా వెళ్లి చెట్టుకు తగులుతుంది. ముఖం ఎటు చూస్తే బంతి అటే బయల్దేరుతుంది కదా.

ఔత్సాహికుల ప్రధాన వ్యాధి స్లైస్. అది ఎలా ముదురుతుందో కాస్త దగ్గరగా చూడటం మంచిది. బంతి కుడివైపు పోతోంది. ఆటగాడు సహజంగానే ఎడమవైపు గురిపెట్టి నిలబడతాడు. నిలబడటం ఎడమవైపు కావడంతో ఊపు కూడా బయటినుంచి లోపలికి, ఎడమవైపు కోసినట్టు సాగుతుంది. కానీ బంతిని జెండా వైపు పంపాలన్న ఆరాటంలో చేతులు ముఖాన్ని తెరిచే ఉంచుతాయి. దారికీ ముఖానికీ మధ్య కోణం పెరిగింది. బంతి ఇంకా ఎక్కువ వంగింది. వచ్చే దెబ్బకు ఇంకాస్త ఎడమకు గురిపెడతాడు. తన తెలివితో తానే తవ్వుకున్న గొయ్యి ఇది. దీన్నుంచి బయటపడే మార్గం చాలాసార్లు పట్టులోనే ఉంటుంది. ఎడమచేతిని కాస్త కుడికి తిప్పి, పైనుంచి చూస్తే రెండు మూడు వేళ్ల కణుపులు కనిపించేలా పట్టుకుంటే ముఖం మూసుకోవడం తేలికవుతుంది. ముఖం మూసుకున్నాక బంతి ఎడమకు పోతుంది. అప్పుడు ఊపు దారి తనంతట తానే కుడికి మళ్లడం మొదలవుతుంది. కొత్త పట్టు మొదట్లో పరాయి చెయ్యి పట్టుకున్నంత ఇబ్బందిగా ఉంటుంది, కాబట్టి పాఠం అయిన వారానికల్లా చాలామంది పాతదానికి జారిపోతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డ్రైవర్ ముఖం నడుమ కాక మడమ వైపు, అంటే కాడకు దగ్గరగా తగిలినా బంతి కుడివైపు వంగుతుంది. కొస వైపు తగిలితే ఎడమకు. క్లబ్ తల ఆ దెబ్బకు కొద్దిగా తిరిగి, బంతికి ఎదురు తిప్పు అందించడం దీనికి కారణం. స్వింగ్ బాగానే ఉండి తగిలిన చోటు తప్పితే, లేని స్లైస్‌ను దిద్దడానికి ఉన్న స్వింగ్‌ను పాడుచేసుకునే ప్రమాదం ఉంది. ముఖం మీద కాస్త టాల్కమ్ పౌడరు రాసి నాలుగు బంతులు కొడితే ఎక్కడ తగులుతోందో మచ్చ చెబుతుంది.

ఐరన్ దెబ్బల్లో ముఖ్యమైనది క్లబ్ నేలను ఎక్కడ తాకుతుందన్నది. మంచి దెబ్బలో ముందు బంతి, తరవాత నేల. గడ్డిపెళ్ల బంతి ఉన్న చోటుకు ముందువైపునుంచి లేవాలి. నేల మీద సున్నంతో గీత గీసి, బంతి లేకుండానే ఊపి, గీతకు ఏ పక్కన మట్టి లేచిందో చూసుకోవడం చాలా పాత పరీక్ష, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. బంతి తల మీద తగిలి నేల మీద దొర్లిపోతే పక్కనున్నవాళ్లు తల ఎత్తేశావంటారు. చాలాసార్లు తప్పు తలది కాదు. బరువు వెనకకాలి మీదే ఉండిపోవడం వల్ల ఊపులో అట్టడుగు బిందువు బంతికి వెనకే వచ్చి, క్లబ్ అప్పటికే పైకి లేస్తుంటుంది. అలాంటివాడికి తల దించి ఉంచమని చెబితే ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది.

డ్రైవర్ సంగతి దీనికి తిరగేసి. బంతి టీ అనే చిన్న పుల్ల మీద ఎత్తులో, ఎడమ మడమకు ఎదురుగా ఉంటుంది. ఊపు నెమ్మదిగా ఉన్నవాళ్లు పైకి లేస్తున్న క్లబ్‌తో దాన్ని తాకితేనే దూరం వస్తుంది.

పాఠం ఎలా సాగుతుంది

మంచి బోధకుడు మొదటి పది నిమిషాలు ఎక్కువ మాట్లాడడు. ఏ క్లబ్ కష్టంగా ఉంది, ఎక్కడైనా నొప్పి ఉందా, వారంలో ఎంతసేపు సాధనకు దొరుకుతుంది అని అడుగుతాడు. నాలుగైదు బంతులు కొట్టించి ముందు బంతిని చూస్తాడు, మనిషిని తరవాత. బంతి ప్రయాణం నుంచి ముఖాన్నీ దారినీ, అక్కడినుంచి పట్టునూ నిలబడే తీరునూ వెనక్కి లెక్కగడతాడు. ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాడు ఆంగ్లేయ బోధకుడు జాన్ జేకబ్స్. ఆయన ‘ప్రాక్టికల్ గోల్ఫ్’ 1972లో వచ్చింది.

ఆ తరవాత వీడియో. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. తాను అనుకుంటున్న స్వింగ్‌కూ తెర మీద కనిపించే స్వింగ్‌కూ పొంతన లేకపోవడం దాదాపు అందరికీ ఎదురయ్యే తొలి దెబ్బ. మోచెయ్యి అర అంగుళం జరపమంటే విద్యార్థికి అడుగు జరిపినట్టు అనిపిస్తుంది, వీడియోలో చూస్తే జరిగిన జాడే ఉండదు. అందుకే అనుభవజ్ఞులు కావాలని అతిశయోక్తి చేయిస్తారు. నెమ్మదిగా, సగం ఊపుతో, బంతి ఎటు పోయినా పట్టించుకోకుండా. అద్దం ముందు బంతి లేకుండా చేసే సాధనకూ అదే విలువ.

ఒక పాఠంలో ఒకే మార్పు. ఇది బోధకుడిని ఎంచుకోవడానికి ఒక కొలత కూడా. అరగంటలో అయిదు తప్పులు చూపించినవాడు చూడటంలో నేర్పరి కావచ్చు, నేర్పడంలో కాదు. ఏ విద్యార్థి వచ్చినా ఒకే స్వింగ్ నేర్పేవాళ్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించనంత వంకర. తండ్రే నేర్పాడు, దాన్ని మార్చనివ్వలేదు. ఆ స్వింగ్‌తోనే అతను 2003లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండును 58 దెబ్బల్లో ముగించాడు. క్లబ్ పైకి ఎటు వెళ్లినా బంతి దగ్గరికి ప్రతిసారీ ఒకేలా వచ్చేది.

వేగం విషయంలో ఔత్సాహికులకు అందే సలహా నెమ్మదిగా ఊపమని. జాన్ నొవోసెల్ ‘టూర్ టెంపో’ పుస్తకంలో వీడియో చట్రాలు లెక్కపెట్టి, మేటి ఆటగాళ్లలో వెనక్కి వెళ్లే సమయం కిందికి వచ్చే సమయానికి దాదాపు మూడింతలు ఉంటుందని చూపాడు. వాళ్లు వెనక్కి కూడా చురుగ్గానే తీసుకెళ్తారు. నెమ్మది పేరుతో క్లబ్‌ను ఈడ్చుకుంటూ ఎత్తి, పైనుంచి ఒక్కసారిగా కుదుపుతో దించేవాడు ఆ నిష్పత్తినే పోగొట్టుకుంటున్నాడు.

మన దగ్గర గోల్ఫ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది క్రికెట్ ఆడి వచ్చినవాళ్లు. చేతికీ కంటికీ సమన్వయం అప్పటికే ఉంటుంది కాబట్టి వాళ్లకు బంతి త్వరగా తగులుతుంది. ముందుకాలు చాచి బంతి దగ్గరికి ఒళ్లు తీసుకెళ్లడం బ్యాటింగులో మంచి అలవాటు. గోల్ఫ్‌లో అలా ఛాతీ, తల ముందుకు జరిగిపోతే ఊపు కేంద్రమే మారిపోతుంది. ఈ అలవాటు పోగొట్టడానికి కొందరు బోధకులు రెండు పాదాలూ దగ్గరకు పెట్టి సగం ఊపు ఊపిస్తారు. ముందుకు తూలితే వెంటనే తెలిసిపోతుంది.

సాధన

పాఠానికీ పాఠానికీ మధ్య ఏం జరుగుతుందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. డ్రైవింగ్ రేంజ్‌కు వెళ్లి బుట్టెడు బంతులు తీసుకుని, ఒకే క్లబ్‌తో, ఒకే గురికి, ఒకదాని వెంట ఒకటి కొట్టేయడం అందరూ చేసే పని. ఇరవయ్యో బంతికి చక్కగా తగలడం మొదలవుతుంది. స్వింగ్ కుదిరిందన్న సంతోషంతో ఇంటికెళ్తారు. ఆదివారం మొదటి టీ దగ్గర అది మాయమవుతుంది. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం దీనికి కారణం చూపింది. ఒకే పనిని వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు. పనులను కలగాపులగంగా చేసినవాళ్లు సాధనలో తడబడినా ఆ తరవాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. కోర్సు మీద ఒకే దెబ్బ వరసగా రెండుసార్లు కొట్టే సందర్భం దాదాపు రాదు. డ్రైవర్ తరవాత ఐరన్, ఐరన్ తరవాత వెడ్జ్, మధ్యలో నడక. రేంజ్‌లో కూడా బంతి బంతికీ క్లబ్, గురి మార్చుకోవాలి. కొత్త కదలిక ఒంటికి అలవాటయ్యే తొలి రోజుల్లో మాత్రం వరసగా చేయడంలో తప్పు లేదు.

మనసు ఎక్కడ నిలపాలన్నదానికీ ప్రయోగశాల సమాధానం ఉంది. గాబ్రియెల్ వుల్ఫ్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తగా నేర్చుకునేవాళ్లలో కొందరిని చేతుల కదలిక మీద, మరికొందరిని క్లబ్ ఊపు మీద ధ్యాస పెట్టమన్నారు. క్లబ్ మీద ధ్యాస పెట్టినవాళ్లే గురికి దగ్గరగా కొట్టారు. రుమాలు కొసన కత్తి ఊపిన ఎర్నెస్ట్ జోన్స్‌కు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించేది కాదు.

రేంజ్‌లో పరిచే కృత్రిమ చాపల వల్ల ఒక నష్టం ఉంది. బంతికి రెండంగుళాలు వెనక క్లబ్ తగిలినా చాప మీద జారి బంతిని తాకుతుంది, దెబ్బ బాగానే అనిపిస్తుంది. అదే తప్పు నిజమైన నేల మీద జరిగితే క్లబ్ మట్టిలో దిగబడి బంతి పది గజాలు కూడా పోదు. వీలైనప్పుడల్లా గడ్డి మీద సాధన చేయడమే దీనికి మందు.

ఎక్కువ సమయం ఏ దెబ్బకు ఇవ్వాలన్నది పాత తగువు. పటింగ్‌లోనే ఆట ఉందని నానుడి. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షల దెబ్బల లెక్కలు విశ్లేషించి, 2014లో ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’లో వేరే మాట చెప్పాడు. మంచి ఆటగాడికీ సాధారణ ఆటగాడికీ మధ్య స్కోరు తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాలకు పైనుంచి కొట్టే దెబ్బల్లో వస్తోంది. అదే లెక్కల్లో ఇంకో సంగతి: 8 అడుగుల నుంచి వృత్తి ఆటగాళ్లు కూడా పటింగ్‌లో సగంసార్లే గుంతలో వేస్తారు. ఆ దూరం నుంచి తప్పి పటర్‌ను నేలకేసి కొట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవచ్చు.

బ్రాడీ లెక్క సరైనదే అయినా, పొడవు దెబ్బల మీద పెట్టిన గంటకు ఫలితం ఎంత నెమ్మదిగా వస్తుందో అది చెప్పదు. క్లబ్ తల వేగం గంటకు ఒక మైలు పెరిగితే డ్రైవర్‌తో దాదాపు రెండున్నర గజాలు కలిసొస్తాయి. యాభై దాటిన మనిషికి ఆ ఒక్క మైలు కోసం నెలల వ్యాయామం కావాలి. గ్రీన్ పక్కన చిన్న చిప్ దెబ్బ నేర్చుకోవడానికి కొన్ని సాయంత్రాలు చాలు. వారానికి రెండు గంటలు మాత్రమే దొరికేవారు రెంటినీ చెరిసగం చేసుకోవడం తెలివైన పని.

మన దేశంలో, తెలుగువారిలో

బ్రిటిష్ దీవుల వెలుపల ఇప్పటికీ నడుస్తున్న అతి పాత గోల్ఫ్ క్లబ్ కలకత్తాలోనే ఉంది, 1829 నాటిది. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ 1955లో ఏర్పడింది. దాని శిక్షణ విభాగమైన నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా బోధకులకు స్థాయిలవారీగా ధ్రువపత్రాలు ఇస్తుంది. అంతకుముందు, చాలా వరకు ఆ తరవాత కూడా, మన దేశంలో ఆట నేర్పింది క్యాడీల పరంపరే. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. కోల్‌కతాలో మైదానం చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016లో, 2017లో వరసగా అదే టైటిల్ గెలిచాడు. అతను దూరం కొట్టేవాడు కాదు, గ్రీన్ చుట్టుపక్కల చెయ్యి తిరిగినవాడు. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ కూడా దూరంలో వెనకబడి, పటింగ్‌తో నెట్టుకొచ్చింది.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట వెలుపలి భాగమైన నయా ఖిలా ఆవరణలో ఒక కోర్సు, గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య బౌల్డర్ హిల్స్ ఉన్నాయి. విశాఖపట్నంలో సముద్రానికి చేరువలో ఈస్ట్ పాయింట్ ఉంది. సభ్యత్వం అందరికీ అందేది కాదు. అయినా డ్రైవింగ్ రేంజ్, ఇళ్లలోపల ఆడే సిమ్యులేటర్ల వల్ల నేర్చుకోవడం మునుపటికన్నా తేలికైంది. మన ఎండల్లో వేసవి సాధన తెల్లవారుజామునే కుదురుతుంది. నేల గట్టిపడిన రోజుల్లో క్లబ్ ఎగిరిపడుతుంది కాబట్టి కొత్తవాళ్లు ఐరన్‌తో నేలను బలంగా తవ్వబోతే మణికట్టుకు చేటు.

అమెరికాలో తెలుగువారికి ఈ ఆట మరింత దగ్గరైంది. పి.జి.ఎ. ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మార్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరది. హైదరాబాద్ నుంచి వెళ్లిన దంపతుల కొడుకు సాహిత్ తీగల కాలిఫోర్నియాలో పెరిగి, 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పి.జి.ఎ. టూర్‌లో తొలి విజయం సాధించాడు. వెన్నెముకలో ఉన్న వంపు వల్ల అతని స్వింగ్ అచ్చులో పోసినట్టు ఉండదు. దాన్ని సరిచేసే బదులు దానితోనే ఆడటం అతనికి కలిసొచ్చింది. ముందే చెప్పిన ఫ్యూరిక్ కథకు ఇది తెలుగింటి సాక్ష్యం.

ఒళ్లు, నియమాలు

గోల్ఫ్ మెల్లని ఆటలా కనిపించినా నడుముకు పెద్ద పరీక్ష. ఔత్సాహికుల్లో ఎక్కువగా దెబ్బతినేది నడుం కింది భాగం, ఆ తరవాత మోచెయ్యి, ఎడమ మణికట్టు. మోచెయ్యి లోపలివైపు వచ్చే నొప్పికి గోల్ఫర్స్ ఎల్బో అనే పేరే ఉంది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు తుంటి బిగుసుకుపోతుంది. తుంటి తిరగకపోతే ఆ తిరుగుడంతా నడుం మీద పడుతుంది. స్వింగ్ మార్చే ముందు తుంటి, వీపు ఎంత తిరుగుతాయో చూసే బోధకుడు ఆ పని మీద గడిపే అయిదు నిమిషాలు వృథా కావు. పిల్లల విషయంలో తొందరపాటు వద్దు. పెద్దవాళ్ల క్లబ్బులు కోసి ఇస్తే బరువుకు స్వింగ్ వంకరపోతుంది. తమ ఎత్తుకు తగిన తేలికైన క్లబ్‌తో బలంగా కొట్టనిచ్చి, మెలకువలు తరవాత చెప్పడం మేలు. జాక్ నిక్లాస్‌కు పదేళ్ల వయసు నుంచి నేర్పిన జాక్ గ్రౌట్ కూడా ముందు గట్టిగా కొట్టనిచ్చినవాడే.

పాఠాలన్నీ కోర్సు బయటే. పోటీ రౌండు మొదలయ్యాక ఎదుటి ఆటగాడిని సలహా అడగడం, ఇవ్వడం రెండూ నిషిద్ధం. క్యాడీతో, జట్టు భాగస్వామితో మాత్రమే మాట్లాడుకోవచ్చు. తప్పితే దెబ్బలు లెక్కించే పోటీలో రెండు దెబ్బల జరిమానా. బంతిని తాకకుండా ఊపి చూసుకోవడానికి అభ్యంతరం లేదు. సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు, కానీ కొత్తవాడికి ఏడెనిమిది చాలు.

మెరుగుపడ్డామా లేదా అన్నది ఆటగాడి స్థాయిని చూపే అంకె అయిన హ్యాండిక్యాప్‌లో తెలుస్తుంది. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో గరిష్ఠం 54.0. చివరి 20 రౌండ్లలో మేటి ఎనిమిదింటి సగటే దానికి ఆధారం. వారానికి ఒక్కసారి ఆడేవారికి ఇరవై రౌండ్లంటే దాదాపు ఐదు నెలలు. స్వింగ్‌లో చేసిన మార్పు పనికొచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఆ మాత్రం గడువు ఇవ్వకుండా బోధకుడిని మార్చేవాళ్లు చాలామంది.